ఉక్రెయిన్‌లో సినిమా తీస్తున్నవాళ్లకి, ఇక్కడి నుంచి సాయం చేస్తున్నవాళ్లకి జాగ్రత్తలు

2025 అక్టోబర్ 3న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆంటోనీ లాలికాన్ తూర్పు ఉక్రెయిన్‌లో డ్రోన్ దాడిలో చనిపోయాడు. ఒంటిమీద ప్రెస్ జాకెట్ ఉంది. అదే నెల 23న క్రమతోర్స్క్‌లో పెట్రోల్ బంకు దగ్గర కారులో ఉన్న ఇద్దరు టీవీ వాళ్లను, ఒలెనా హుబనోవానీ యెవ్హెన్ కర్మాజిన్‌నీ, మరో డ్రోన్ చంపేసింది. కెమెరా పట్టుకున్నవాడిని చూసి వదిలేసే యుద్ధం కాదిది.

హెల్మెట్, ఇన్సూరెన్స్, పవర్ బ్యాంకుల గురించి రాయను. అవి తెలియనివాళ్లు అటు వెళ్లకూడదు.

అసలు తప్పు

తీసినది తీసిన రోజే బయట పెట్టడం. ఇంతకన్నా ఎక్కువమందిని ముంచిన తప్పు ఇంకోటి నాకు కనబడలేదు.

2022 మార్చి 20 రాత్రి కీవ్‌లో రెట్రోవిల్ అనే షాపింగ్ మాల్ మీద క్షిపణి పడి కనీసం 8 మంది పోయారు. అంతకుముందు ఆ చుట్టుపక్కల ఆగిన సైనిక వాహనాల్ని ఒకతను ఫోన్‌లో తీసి టిక్‌టాక్‌లో పెట్టాడు. అతన్ని ఆ దేశ భద్రతా సంస్థ పట్టుకుంది. ఎవరికీ చెడు చేయాలని కాదు, నలుగురూ చూస్తారని పెట్టి ఉంటాడు. ఆ నెలలోనే సైన్యం కదలికలు, స్థానాలు బయటపెట్టడాన్ని శిక్షాస్మృతిలో నేరంగా చేర్చారు. దాడి జరిగిన చోటు వీడియో వేయాలంటే పౌర ప్రాంతమైతే 3 గంటలు, సైనిక స్థలమైతే 12 గంటలు ఆగాలని అక్కడి సైన్యం, మీడియా ఒక లెక్క పెట్టుకున్నాయి. వార్తకే అంత ఆగమన్నారు. మీది రెండేళ్లకి తయారయ్యే డాక్యుమెంటరీ, మీకేం తొందర?

ఫోన్‌లో లొకేషన్ ఆపేశాను కదా అంటారు. వెనక పొగగొట్టం, బస్టాపు రంగు, నీడ పడిన తీరు, ఇవి చాలు చోటు పట్టెయ్యడానికి. ముఖం బ్లర్ చేస్తే సరిపోదు, గొంతును బట్టి పక్కింటివాళ్లు గుర్తుపడతారు. రష్యా ఆక్రమించిన ప్రాంతంలో బంధువులున్న మనిషి మాట్లాడితే, శిక్ష పడేది ఆ బంధువులకి.

సాయం చేసే స్నేహితులు

మన దగ్గర షూటింగ్ అంటే వర్కింగ్ స్టిల్ పెట్టందే నిద్ర పట్టదు. నాటు నాటు పాటను 2021లో కీవ్‌లో, మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. అప్పుడు పరిచయమైనవాళ్లెవరైనా ఇప్పుడు అక్కడ కెమెరా పట్టుకుని తిరుగుతుంటే, ఈ మాట ముఖ్యంగా మీకే. "మా మిత్రుడు ఇవాళ ఫలానా ఊళ్లో షూట్ చేస్తున్నాడు, గర్వంగా ఉంది" అని పోస్టు పెట్టొద్దు. అతను పెట్టకపోయినా మీరు పెట్టేశారు. ఫలితం ఒకటే.

మీరు చేయగలిగింది వేరే ఉంది. రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్) రెండో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. 2022లో రష్యా ముట్టడించిన మరియుపోల్‌లో పారామెడిక్ యూలియా పయెవ్‌స్కా తన బాడీ కెమెరాలో 256 జీబీ ఫుటేజ్ తీసి, ఆ కార్డుని ఏపీ వార్తా సంస్థ బృందానికి ఇచ్చింది. వాళ్లు దాన్ని నెలసరికి వాడే టాంపన్‌లో దాచి, 15 రష్యన్ చెక్‌పోస్టులు దాటించారు. మర్నాడు ఆమెని పట్టుకుపోయారు, మూడు నెలలకి వదిలారు. కార్డు ఆమె దగ్గరే ఉండిపోయుంటే మనం చూసేవాళ్లమా?

అదే ఊళ్లో లిథువేనియా దర్శకుడు మాంతస్ క్వెదరావిచ్యుస్ 2022లో హత్యకు గురైతే, ఆయన సహచరి హన్నా బిలోబ్రోవా ఫుటేజ్ బయటికి తెచ్చింది. ఆ మే నెలలోనే సినిమా కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. ఏ షాట్ ఎక్కడుందో తెలిసిన రెండో మనిషి తప్పక ఉండాలి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- పెద్ద ఫైల్ ఒకేసారి పంపొద్దు. మరియుపోల్‌లో ఏపీ విలేకరి చెర్నోవ్ బృందం వీడియోని ముక్కలు చేసి మూడు ఫోన్లతో పంపింది. నెట్ ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు.
- చెక్‌పోస్టుకి ముందు ఫోన్‌లోంచి చాట్లు తీసేయండి. ఫుటేజే కాదు, చాట్లు కూడా.
- పెట్రోల్ బంకులో, కాఫీ కోసం, ఊరికే ఆగొద్దు.
- మీ డ్రోన్ ఎగరేయొద్దు. కింద ఉన్నవాళ్లకి అది ఎవరిదో తెలియదు.
- దెబ్బ తగిలితే రక్తం ఆగేలా కట్టే టోర్నికే పట్టీ బ్యాగులో కాదు, చేతికి అందేచోట ఉండాలి. ఒంటిచేత్తో బిగించడం ముందే నేర్చుకోండి.
- దాడి జరిగిన చోటికి వెంటనే పరిగెత్తొద్దు. అంబులెన్సులు వచ్చాక రెండో క్షిపణి వేస్తున్నారు.
- ఇంటర్వ్యూ ఇచ్చినామె సంవత్సరం తర్వాత వద్దంటే తీసేయాలి. వాదించొద్దు.
- వాట్సాప్ గ్రూపులో "మనవాళ్లే కదా" అని పంపినా, బయట పెట్టినట్టే లెక్క.
- తీసిన రోజే పెట్టొద్దు. ఫెస్టివల్ వాళ్లు అడిగినా పెట్టొద్దు. నిర్మాత అడిగినా పెట్టొద్దు.
- డబ్బు పంపేటప్పుడు రిమార్క్స్‌లో ఊరి పేరు, సినిమా పేరు రాయొద్దు. ఏ రోజుకి ఆ ఊరు దాటుతారో అడగొద్దు కూడా. దాటాక వాళ్లే చెప్తారు.