ఎదకాలానికి ముందే: బయట తిరిగే పిల్లుల విషయంలో జాగ్రత్తలు

సంక్రాంతి దాటి పగటి పొద్దు పెరిగే కొద్దీ ఆడపిల్లులు ఎదకు రావడం, వాటి కోసం గండుపిల్లులు కొట్లాడుకోవడం ఎక్కువవుతాయి. తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ వంటి చోట్ల మిద్దెలు ఆనుకొని ఉండడం వల్ల మన పిల్లికీ వీధి పిల్లికీ మధ్య ఉండే హద్దు ఒక పిట్టగోడ మాత్రమే.

నిజానికి పిల్లులు వీలైనంతవరకు పోట్లాటను తప్పించుకుంటాయి. ఒకే గోడ మీద ఒకటి తెల్లవారుజామున, మరొకటి మధ్యాహ్నం నడుస్తూ దారిని పంచుకుంటాయి. అయితే రెండూ చూపు కదపకుండా నిలబడి, చెవులు వెనక్కి వాల్చి, గొంతు సాగదీసి అరుస్తున్నాయంటే కొట్లాట దగ్గరపడినట్టే. అప్పుడు మధ్యలో చెయ్యి పెడితే మన పిల్లే మనల్ని కరుస్తుంది కాబట్టి, దూరం నుంచి నీళ్లు చల్లడమో పళ్లెం మోగించడమో మేలు.

మగపిల్లికైనా ఆడపిల్లికైనా ఐదారు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం అన్నిటికంటే ముఖ్యం. గండుపిల్లి తిరుగుడు, కొట్లాట ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు గానీ తగ్గవు కనుక, అరుపులు మొదలయ్యేదాకా ఆగకుండా ముందే పశువైద్యుణ్ణి కలవాలి. ఊళ్లోనే వెటర్నరీ కళాశాల ఉంది. రేబిస్ టీకా అప్పటికే వేయించి ఉండకపోతే అదీ వేయించాలి. మిద్దె మీద మిగిలిన పెరుగన్నం గిన్నె ఊరి పిల్లులన్నిటినీ పిలుస్తుంది, తిన్న వెంటనే తీసేయాలి. చీకటి పడ్డాక పిల్లిని లోపలే ఉంచడం ఉత్తమం.

కొట్లాడి వచ్చిన పిల్లిని పైపైన చూసి వదిలేయకూడదు. కోరపంటి గాటు ఆవగింజంత ఉండి, వెంట్రుకల కింద త్వరగా పూడిపోతుంది. రెండు మూడు రోజులకు లోపల చీము పట్టి, పిల్లి తిండి మానేసి మూలన పడుకుంటుంది. అందుకే మెడ, ముందుకాళ్లు, తోక మొదట్లో వేళ్లతో తడిమి, వాపు గానీ వేడి గానీ తగిలితే వైద్యుడికి చూపించాలి. జ్వరమని పారాసెటమాల్ ఇస్తే పిల్లి చనిపోతుంది, డెట్టాల్ కూడా దానికి విషమే. లోతైన కాట్ల ద్వారా రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ కూడా సోకుతుంది. తరచూ కొట్లాడే పిల్లికి రక్తపరీక్ష చేయించడం మంచిది.

మనిషిని కరిచినా రక్కినా ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడు పిల్లే కదా అని మానకూడదు.