ఫోర్క్‌లిఫ్ట్‌లకు సరైన బ్యాటరీ సైజు ఎలా లెక్కించాలి?

మూడు కొటేషన్లు తెప్పించుకుని, తక్కువ ధర ఉన్నదానికి సంతకం పెట్టేయడం చాలా గోడౌన్లలో అలవాటైపోయింది. ఏడాది తిరిగేసరికి మధ్యాహ్నం మూడింటికే బండ్లు ఆగిపోతాయి. తిట్లు మాత్రం బ్యాటరీకి పడతాయి.

వోల్టేజీ గురించి ఆలోచించేదేమీ లేదు, బండి నేమ్ ప్లేట్ మీదే ఉంటుంది. రెండు, రెండున్నర టన్నుల బండ్లకు ఎక్కువగా 48, పెద్దవాటికి 80. అదే ప్లేట్ మీద బ్యాటరీకి ఉండాల్సిన కనీస బరువు కూడా చూడండి. ముందు ఎత్తే సరుకుకు సరితూగేలా బండి వెనక ఉండే బరువునే కౌంటర్‌వెయిట్ అంటారు, బ్యాటరీ బరువు కూడా దాని కిందే లెక్క. లిథియం బ్యాటరీ తేలిక కాబట్టి ఆ లోటుకు ఇనుప దిమ్మలు పెట్టించాల్సిందే, లేకపోతే బరువెత్తినప్పుడు బండి ముందుకు ఒరుగుతుంది. బ్యాటరీ కూర్చునే గుంటను టేపుతో కొలవండి.

అందరూ తప్పు చేసేది దీని తర్వాతే: ఒక షిఫ్టుకు బండి ఎంత ఛార్జింగ్ వాడుతోంది?

బ్రోషర్‌లోని అంకెను నమ్మొద్దు. అది ఒక ప్రామాణిక పరీక్షలో వచ్చిన అంకె. మీ ర్యాంపు, మీ గతుకుల నేల, బేళ్లు పట్టే క్లాంపు అందులో ఉండవు. మీరే కొలవండి. బండిని ఫుల్ ఛార్జ్ చేసి, మధ్యలో ఛార్జింగ్ పెట్టకుండా షిఫ్టంతా నడపండి. తర్వాత ఛార్జర్ ఎన్ని యాంపియర్ అవర్లు (బ్యాటరీ సైజును కొలిచే యూనిట్) తిరిగి ఎక్కించిందో డిస్‌ప్లేలో చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడినదానికంటే 15 నుంచి 20 శాతం ఎక్కువే తీసుకుంటుంది. కాబట్టి వచ్చిన అంకెను 1.15తో భాగించాలి. 460 ఎక్కితే, నిజంగా వాడింది 400.

లెడ్ యాసిడ్‌ను 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు, చేస్తే ఆయుష్షు పడిపోతుంది. 400ను 0.8తో భాగిస్తే 500. చాలామంది ఇక్కడే ఆగి 500 ఆర్డర్ ఇచ్చేస్తారు. అదే తప్పు. బ్యాటరీ పాతబడే కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. అసలు సామర్థ్యంలో 80 శాతానికి పడిపోయినప్పుడు దాని జీవితం అయిపోయినట్టు లెక్క. అప్పటికి మీ 500 బ్యాటరీలో మిగిలేది 400. రోజూ అడుగంటా ఖాళీ చేస్తే అది ఇంకా తొందరగా పోతుంది. అందుకే 500ను మళ్లీ 0.8తో భాగించండి: 625 యాంపియర్ అవర్లు. ఇదీ మీ సైజు. ఖర్చెక్కువని అకౌంట్స్ వాళ్లు అంటారు, తగ్గొద్దు.

కొలిచే రోజు కూడా ముఖ్యమే. దసరా, దీపావళి ముందు లారీలు బారులు తీరిన రోజున కొలవాలి, ఖాళీగా ఉన్న ఆషాఢంలో కాదు. పది బండ్ల వాడకాన్ని కలిపి పదితో భాగించడం ఇంకో పొరపాటు. లోడింగ్ డాక్ దగ్గరి బండి, లోపల ర్యాకుల మధ్య తిరిగే బండి ఒకేలా వాడవు. పని రకాన్ని బట్టి విడివిడిగా కొలవండి.

ఇక లెడ్ యాసిడా, లిథియమా? ఒక షిఫ్టయితే లెడ్ యాసిడ్, రెండో షిఫ్టు ఉంటే లిథియం. ఇందులో చర్చ అనవసరం. లెడ్ యాసిడ్‌కు ఎనిమిది గంటల ఛార్జింగ్, చల్లారడానికి దాదాపు మరో ఎనిమిది గంటలు కావాలి. రెండో బ్యాటరీ కొని షిఫ్టు మధ్యలో మారుస్తామంటారు. టన్ను బరువును హాయిస్ట్‌తో (బరువులెత్తే యంత్రంతో) రోజూ దింపి ఎక్కించే పని ఎంత ప్రమాదమో చేసేవాళ్లనే అడగండి. మన ఎండల్లో రేకుల షెడ్డు కింద ఛార్జింగ్ మాత్రం పెట్టొద్దు. 10 డిగ్రీల వేడి పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడాలి. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయాలి.

లిథియంను భోజన విరామంలో కూడా ఛార్జ్ చేయొచ్చు కాబట్టి కాస్త చిన్న సైజు సరిపోతుంది. అయితే పది బండ్లు ఒకేసారి 10 కిలోవాట్ల ఛార్జర్లకు తగిలిస్తే 100 కిలోవాట్ల లోడ్ పడుతుంది. మీ కనెక్షన్‌కు అంత మంజూరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, లేకపోతే విద్యుత్ సంస్థ నుంచి లోడ్ పెంపు చేతికొచ్చాకే ఆర్డర్ ఇవ్వండి.