మా పాప తలలో తామర ఎలా తగ్గిందంటే

పాపకు చెవి పైన రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది. అమ్మ పేనుకొరుకుడు అంది. కానీ దానికైతే చర్మం నున్నగా ఉంటుంది. ఇక్కడేమో తెల్లటి పొట్టు, మొదట్లోనే విరిగి నల్లచుక్కల్లా మిగిలిన వెంట్రుకలు! స్కిన్ డాక్టర్ కాస్త గీకి పరీక్షకు పంపి, తామరేనని తేల్చారు.

పైపూత మందు వెంట్రుక కుదురులోకి దిగదు. అందుకే గ్రిసియోఫుల్విన్ మాత్రలు రాశారు. నెయ్యన్నం తిన్నాక వేస్తే బాగా ఒంటబడుతుంది. కీటోకోనజోల్ షాంపూ నురగ 5 నిమిషాలు ఉంచి కడిగేదాన్ని, ఇంట్లో ఇంకెవరికీ అంటకుండా. దువ్వెన, తువ్వాలు, దిండు గలీబు వేరు పెట్టాం.

పొట్టు పోగానే మాత్రలు ఆపాలనిపిస్తుంది. దయచేసి ఆపకండి. మాకు 8 వారాల కోర్సు, అది పూర్తయ్యేసరికి జుట్టు మొలిచింది. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం సొంతంగా కొని రాయకండి, తామర ఇంకా ముదురుతుంది.