బోగన్‌విల్లా కటింగులు చిగురేసి ఎండిపోతుంటే

పదిహేను ఇరవై రోజులకు నిగనిగలాడే చిగుళ్లు వచ్చి, నెల తిరక్కుండా వాడి వేలాడుతున్నాయంటే వేరు దిగలేదని అర్థం. పుల్లలో నిల్వ ఉన్న పిండిపదార్థంతోనే కన్ను విచ్చుకుంటుంది, దానికి వేరు అక్కర్లేదు. ఆ నిల్వ అయిపోయేలోగా వేరు రాకపోతే చిగురు పోతుంది. చిగురు చూసి షేడ్‌నెట్ కింద నుంచి ఎండలోకి మార్చడమే కడియం చుట్టుపక్కల కొత్తగా నర్సరీ పెట్టినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

పెన్సిల్ లావున, బెరడు గోధుమరంగుకు తిరిగిన కొమ్మనే తీసుకోండి. 6–8 అంగుళాల ముక్క చాలు, ఆకులన్నీ తీసేయాలి. కింది కోత కణుపుకు ఆనుకుని ఏటవాలుగా, పైకోత అడ్డంగా ఉంటే తలకిందులుగా గుచ్చే ప్రమాదం ఉండదు. వేరు పట్టించే ఐబీఏ హార్మోను 2000 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 2000 పాళ్లు) గాఢతలో కావాలంటే 0.2 గ్రాము 100 మి.లీ.కి. బంగారం తూచే చిన్న కాటా లేకుండా ఇది కుదరదు. ఉత్త నీళ్లలో కరగదు కాబట్టి 50 మి.లీ. ఆల్కహాల్‌లో కరిగించి, తర్వాత 50 మి.లీ. నీళ్లు కలపాలి. కొస అంగుళం మేర అయిదు సెకన్లు ముంచి, ఆరాక మట్టి నింపిన ప్లాస్టిక్ కవరులో గుచ్చండి. వేరొచ్చిందా అని పీకి చూడొద్దు. కవరు చిల్లుల్లోంచి తెల్ల వేళ్లు కనిపించేదాకా ఆగండి.

అడుగు నల్లబడి మెత్తగా నొక్కుకుపోతే? అది కుళ్లు. మన డెల్టా ఒండ్రు నల్లమట్టి నీళ్లు వదలదు, అందుకే కవర్లలో అదొక్కటే నింపకూడదు. గోదావరి ముతక ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి. తాజా పొట్టులో ఉప్పు, వగరు ఉంటాయి, నీళ్లు తేటపడేదాకా కడగాలి. నాటేముందు లీటరుకు గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపిన నీళ్లలో పుల్లలను పది నిమిషాలు ఉంచి, ఆరాకే హార్మోనులో ముంచండి.

ఆకు అంచులు మాడితే నీళ్లు అనుమానించండి. సముద్రం వైపు ఊళ్లలో బోరునీరు ఉప్పగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసే రోజులకు ముందే చెరువు నీళ్లో, వాననీళ్లో నిల్వ చూసుకోవాలి.

కుండీలోకి మార్చాక చనిపోతే తప్పు చేతిది. బోగన్‌విల్లా వేళ్లు పెళుసు, మట్టిగడ్డ చెదిరితే పుటుక్కున తెగుతాయి. ముందురోజు తడిపి, కవరు అడుగు బ్లేడుతో కోసి, కుండీలో దింపాకే పక్కలు చీల్చి లాగండి. మొదలు పట్టుకుని ఎత్తొద్దు. తర్వాత పది రోజులు నీడలోనే.