అమెరికా సంబంధంతో మొదటి వీడియో కాల్: ముందే విన్న మాటలు మనిషిని కప్పేయకుండా

కూకట్‌పల్లిలో అమ్మాయి వాళ్లు, డాలస్‌లో అబ్బాయి. కాల్ కలిసేసరికే ఇటువైపు బయోడేటా నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి ఉంటుంది. మూడు ఫొటోలు వచ్చి ఉంటాయి. మధ్యవర్తి ‘అబ్బాయి కాస్త రిజర్వుడండీ’ అని ఒక మాట వేసి ఉంటాడు. అరగంట కాల్‌లో ఎక్కువ చెడగొట్టేది ఆ చివరి మాటే. అది విన్నవాళ్లు తక్కువ ప్రశ్నలు అడుగుతారు, అతను ఆగితే వెంటనే వాళ్లే అందుకుంటారు. సందు దొరకని మనిషి నిజంగానే ముక్తసరిగా మాట్లాడతాడు. కాల్ అయ్యాక ‘చెప్పినట్టే ఉన్నాడు’ అనుకుంటారు.

అమెరికాలో 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ స్నైడర్, ఆయన సహచరులు దీన్ని ఫోన్ మీద పరీక్షించారు. ఫోన్‌లో అవతల ఉన్న అమ్మాయిదేనని చెప్పి కొందరు అబ్బాయిలకు అందమైన ఫొటో, మరికొందరికి అంతగా ఆకట్టుకోని ఫొటో ఇచ్చారు. నిజానికి ఆ ఫొటోలు ఆ అమ్మాయిలవి కావు. పది నిమిషాలు మాట్లాడుకున్నాక, ఈ సంగతేమీ తెలియని వేరే వాళ్లకు అమ్మాయిల గొంతులు మాత్రమే వినిపించారు. అందగత్తెలని అవతలివాళ్లు నమ్మిన అమ్మాయిలే ఎక్కువ కలుపుగోలుగా, చురుగ్గా వినిపించారు. అబ్బాయి మాట్లాడిన తీరే అమ్మాయి గొంతును మార్చింది.

కాబట్టి పని కాల్‌కు రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి.

మధ్యవర్తిని గుణాలు అడక్కండి, సంగతులు అడగండి. ‘ఎలాంటివాడు?’ అంటే ఒక విశేషణం వస్తుంది. ‘ఏ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉన్నాడు, ఎవరితో ఉంటున్నాడు, వీసా ఏది?’ అంటే సమాచారం వస్తుంది. ఒక్క విశేషణం ఎంత పని చేస్తుందో హెరాల్డ్ కెల్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లో అమెరికాలోని ఎంఐటీ అనే విద్యాసంస్థ విద్యార్థులతో చూపించాడు. కొత్త లెక్చరర్ గురించి ఇచ్చిన పరిచయ కాగితంలో సగం మందికి ‘స్నేహశీలి’ అనీ, మిగతా సగానికి ‘అంటీముట్టనట్టు ఉంటాడు’ అనీ రాశారు. మిగతాదంతా ఒకటే, మనిషీ ఒక్కడే. మొదటి జట్టులో 56 శాతం మంది చర్చలో పాల్గొన్నారు, రెండో జట్టులో 32 శాతమే.

అయినా విశేషణం చెవిన పడుతుంది, తప్పదు. అమ్మాయి, అబ్బాయి ఎవరికి వాళ్లు ఒక కాగితం తీసుకుని అవతలి మనిషి గురించి మూడు అంచనాలు రాసుకోవాలి. ఒక్కోదాని పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి: ఫొటో, మధ్యవర్తి, ఇన్‌స్టాగ్రామ్, ఇంటిపేరు, ఊరు. ఈ చివరి రెండూ మనవాళ్లలో బలమైనవి. ‘హలో’ వినగానే యాసను బట్టి ఇది నిజామాబాద్, ఇది గుంటూరు అని తేల్చేసి, ఆ వెంటే స్వభావం కూడా తేల్చేస్తాం. కాగితం మడిచి పక్కన పెట్టండి, కాల్ అయ్యాక దానితో పని ఉంది.

టైమ్ దగ్గర జరిగే పొరపాటు చిన్నదే కానీ మచ్చ పెద్దది. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. ఆ వారాల్లో కాల్ పెట్టుకుంటే రెండు ఊళ్ల టైమూ మెసేజ్‌లో రాయండి. లేదంటే గంట తేడా వచ్చి ‘మొదటి కాల్‌కే ఆలస్యం’ అన్న ముద్ర పడుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రం 7:30 అయితే అక్కడ వేసవిలో ఉదయం 9, చలికాలంలో 8. నిద్రముఖం గంభీరంగా కనిపిస్తుందన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ అపార్థాలు పుట్టించేది మాట ఆలస్యంగా చేరడం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. కాల్‌లో మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. మనం ఆపిన మాట అక్కడికి చేరి, జవాబు తిరిగి రావాలి కాబట్టి చెవికి తెలిసే ఆలస్యం దీనికి రెట్టింపు. ‘జాబ్ మారాలనుకుంటున్నారా?’ అన్నాక సెకను మౌనం వస్తే ఇక్కడ అది నెట్‌వర్క్‌లా అనిపించదు, దాపరికంలా అనిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగితే ‘మాట్లాడనివ్వడం లేదు’ అనిపిస్తుంది.

ముందు రోజు రెండు ఇళ్ల నుంచీ కుర్రాళ్లెవరైనా ఇద్దరు ఇలా కొలవాలి. ఒకరు ‘ఒకటి’, ఇంకొకరు ‘రెండు’ అంటూ పది దాకా ఆపకుండా లెక్కపెట్టాలి. ఇంట్లో ఎవరితోనైనా ఎదురుగా కూర్చుని అదే చేయాలి. కాల్‌లో మూడు సెకన్లు ఎక్కువ పడితే, పది అంకెలకు పంచి చూస్తే, మాట ఒక వైపు చేరడానికి సుమారు 0.3 సెకను, జవాబు కోసం అదనంగా ఎదురుచూసేది 0.6 సెకను. ఈ అంకె రెండు కుటుంబాలకూ చెప్పండి. ప్రశ్న వేశాక మనసులో ‘ఒకటి, రెండు’ అనుకునే దాకా పెద్దవాళ్లెవరూ అందుకోకూడదని ఒప్పందం పెట్టుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ ఇంకో 100 మిల్లీసెకన్లకు పైగా కలపగలవు, తీగ ఉన్నవే వాడండి. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని, టీవీలో సినిమా ఆపించండి.

ఇన్వర్టర్ ఉందన్న ధీమా వద్దు. రౌటర్ పెట్టిన ప్లగ్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ కొద్ది సెకన్లలో అందుకున్నా, ఆలోపే రౌటర్ ఆరిపోయి నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రౌటర్‌కు సరిపడే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఈ బెడద తప్పిస్తుంది. కట్ అయితే తిరిగి ఎవరు చేయాలో ముందే అనుకోండి. లేకపోతే ఇటు ‘వాళ్లే చేయాలి’, అటు ‘వాళ్లే పెట్టేశారు’.

కెమెరా కంటి ఎత్తులో ఉండాలి. టీపాయ్ మీద స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోన్ కింది నుంచి చూస్తుంది, ముక్కూ సీలింగ్ ఫ్యానూ కనిపిస్తాయి. బియ్యం డబ్బా ఎత్తు సరిపోతుంది. ముఖానికీ తెరకూ 60 సెంటీమీటర్ల దూరం ఉంచి, అవతలి మనిషి కళ్లు కెమెరాకు కింద 5 సెంటీమీటర్లలోపు కనిపించేలా విండోను చిన్నది చేసి పైకి జరపండి. చూపు కెమెరాకు కాస్త కిందికి ఉంటే అవతలివాళ్లకు కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటుంది, పక్కకు తప్పితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ‘కళ్లలోకి చూడట్లేదు’ అన్న ఫిర్యాదు చాలాసార్లు విండో ఎక్కడుందన్న సమస్యే. వెలుగు ముందు నుంచి రావాలి. మీ బొమ్మ మీకు కనిపించకుండా దాచేయండి, లేకపోతే కళ్లు అటే పోతాయి.

గదిలో ఎంతమంది ఉన్నారో మొదటి నిమిషంలోనే చెప్పండి. తెర వెనక పిన్ని గుసగుస వినిపించిందంటే అవతలి మనిషి ఆ తర్వాత కనిపించని జనం కోసమే మాట్లాడతాడు. పది నిమిషాలు అందరూ, తర్వాత ఇరవై అయిదు నిమిషాలు వాళ్లిద్దరే. జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకు కట్ అవుతుందని గుర్తుంచుకోండి, ‘ఆఖర్న అడుగుదాం’ అనుకున్నది మిగిలిపోతుంది.

ప్రశ్నల దగ్గర స్నైడరే, విలియం స్వాన్‌తో కలిసి, 1978లో ఇంకో సంగతి చూపించాడు. ఎదుటి మనిషి ఇలాంటివాడేమో కనుక్కోమంటే, జనం ఆ ఊహను బలపరిచే ప్రశ్నలే ఏరుకుంటారు. రిజర్వుడని విన్నాక ‘ఫంక్షన్లలో జనం ఎక్కువైతే ఇబ్బందిగా ఉంటుందా?’ అని అడుగుతాం. ఎంత వాగుడుకాయైనా ‘అప్పుడప్పుడు’ అంటాడు, మన కాగితంలో టిక్కు పడుతుంది. ‘పోయిన ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారండీ?’ అని అడిగి చూడండి. ఊహ ఏ వైపున్నా దానికి జవాబు ఒకేలా వస్తుంది. కాగితం మీద ఉన్న ప్రతి అంచనాకూ, అది తప్పయితే బయటపడే ప్రశ్న ఒక్కటైనా సిద్ధం చేసుకోండి.

కాల్ పెట్టేశాక మొదటి పది నిమిషాలు ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. ఇది అన్నిటికంటే కష్టమైన నియమం, మేనమామలకు మరీ కష్టం. అమ్మాయి తనకు ఏమనిపించిందో, ఏ మాటకు అనిపించిందో రాసుకున్నాకే పాత కాగితం విప్పాలి. మూడు అంచనాలూ అచ్చంగా నిజమయ్యాయంటే సంతోషించకండి, ప్రశ్నలన్నీ ఒకే వైపు వేశారేమో చూసుకోండి. ‘నవ్వలేదు’, ‘నానుస్తున్నాడు’ లాంటి ఫిర్యాదుల పక్కన ముందు రోజు కొలిచిన అంకె రాయండి.

రెండో కాల్ మూడు నాలుగు రోజుల్లోనే, ఈసారి మన పొద్దున, వాళ్ల రాత్రి పెట్టుకోండి. వీడియో వద్దు, ఒట్టి ఫోనే. అమ్మాయి మేడ మీద తిరుగుతూ మాట్లాడొచ్చు. చూపు ఎటుందన్న గోల ఉండదు, పిన్నికీ పని ఉండదు.