పైరు మధ్యలోంచి దారి: ఇంగ్లండ్ పల్లెల్లో పొలాల మీదుగా రౌండ్ వాక్ ఎలా చేయాలి

మొదటిసారి వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ ఒకేచోట ఆగిపోతారు. గేటు దాటగానే ఎదురుగా మోకాళ్ళు దాటి ఎదిగిన బార్లీ చేను, స్తంభం మీదున్న పసుపు బాణమేమో నేరుగా ఆ చేలోకే చూపిస్తుంటుంది. ఎవరి పంటో తొక్కుకుంటూ పోవడమేంటి అని మనకి మనసొప్పదు, పక్కన గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి పోదాం అనిపిస్తుంది. అలా వెళ్ళకండి. ఆ బాణం చూపించిన గీత మీద నడిచే హక్కు మనకి చట్టం ఇచ్చింది, గట్టు మీద నడవడానికి ఇవ్వలేదు. మర్యాద అనుకుని చేసే పనే అక్కడ తప్పవుతుంది.

ఇంగ్లండ్‌లో పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే ఊరూ ఊరూ కలుపుతూ పాతకాలం నుంచి జనం నడిచిన దారులు. నేల రైతుదే, దాని మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. 1949లో వచ్చిన చట్టంతో ఈ దారులన్నీ మ్యాపుల మీద రికార్డు చేయడం మొదలైంది. పొలం దున్నేటప్పుడు రైతు దారిని కూడా దున్నేయొచ్చు, కానీ 14 రోజుల్లో మళ్ళీ నడవడానికి వీలుగా సరిచేసి, గీత కనపడేలా పెట్టాలని 1990 నాటి రైట్స్ ఆఫ్ వే, అంటే దారి హక్కుల చట్టం చెప్తుంది. చేను మధ్యలోంచి వెళ్ళే ఫుట్‌పాత్ అయితే కనీసం 1 మీటరు వెడల్పు వదలాలి, ఆ మేర పైరు పెరగనివ్వకూడదు. చేను అంచున ఉన్న దారి అయితే 1.5 మీటర్లు, దాన్ని అసలు దున్నకూడదు. కాబట్టి పైరులో సన్నగా పాయ తీసినట్టు దారి కనిపిస్తే, ఆ రైతు మనకోసమే తీసి పెట్టాడని అర్థం, ధైర్యంగా వెళ్ళండి. ఎంతమంది ఉన్నా ఒకరి వెనక ఒకరు నడవండి, పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే మీటరు దారి రెండు మీటర్లవుతుంది, పోయేది ఆయన పంటే.

బాణాల రంగులు గుర్తుంచుకోండి. పసుపు నడిచేవాళ్ళకి మాత్రమే. నీలం అంటే బ్రిడిల్‌వే, గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి, చలికాలంలో గుర్రపు డెక్కలకి ఆ దారి బురద గుంటలా మారుతుంది. ఊదా, ఎరుపు రంగువి తక్కువ కనిపిస్తాయి, ఎరుపు ఉన్నచోట మాత్రం బండ్లు కూడా రావచ్చు.

ఇప్పుడు రూట్ వేసుకోవడం. రౌండ్ వాక్ అంటే మొదలెట్టిన చోటికే వేరే దారిన తిరిగి రావడం. దీనికి బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపే కావాలి, నారింజ రంగు అట్ట ఉంటుంది, స్కేలు 1:25,000. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్ కొంటే పొలాల్లో ఇబ్బంది పడతారు, ఎందుకంటే దాంట్లో పొలం సరిహద్దులు ఉండవు, ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి కంచే ప్రతి రాతిగోడా సన్నటి నల్లగీతగా ఉంటుంది. పొలాల్లో నడక అంటే అసలు విషయం అదే, దారి కంచెకి ఇవతలా అవతలా అన్నది తెలియాలి. నేను ఒక అక్టోబర్‌లో ఫోన్లో మామూలు మ్యాప్ చూసుకుంటూ కంచెకి తప్పు వైపున నడుస్తూ పోయాను, ముళ్ళ పొద ఎత్తుగా దట్టంగా ఉంది, ఎక్కడా దాటే సందు లేదు, అవతల వైపు పది అడుగుల దూరంలో నేను వెళ్ళాల్సిన దారి కనిపిస్తూనే ఉంది, చివరికి వచ్చిన దారినే అరమైలు వెనక్కి నడిచాను. అప్పటినుంచి ప్రతి పొలంలోకి అడుగుపెట్టేముందు ఒక్క నిమిషం ఆగి మ్యాప్‌లో ఆ పొలం ఆకారం చూస్తాను, దారి అవతల ఏ మూలకి తేలుతుందో చూసుకుని, అటువైపు ఒక చెట్టో గేటో గుర్తు పెట్టుకుని నడుస్తాను.

మ్యాప్‌లో ఫుట్‌పాత్ అంటే ఆకుపచ్చ పొట్టి గీతలు, బ్రిడిల్‌వే అంటే ఆకుపచ్చ పొడుగు గీతలు. నల్లటి పొట్టి గీతలు మాత్రమే ఉంటే అక్కడ నేల మీద దారి ఉందని అర్థం, నడిచే హక్కు ఉందని కాదు. అలాగే ఆకుపచ్చ గీత ఉన్నంత మాత్రాన నేల మీద దారి కనిపిస్తుందని అనుకోవద్దు. మ్యాప్‌లో ఒక్కో గడి 1 కిలోమీటరు, అంచనాకి ఆ గడులు లెక్కపెట్టుకుంటే చాలు. మొదటిసారికి 8 కిలోమీటర్లు మించొద్దు. టైముకి పాత లెక్క ఒకటుంది, 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పింది, సుమారుగా గంటకి 5 కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. కానీ పొలాల్లో గేట్లు తీసి వేసి, స్టైల్స్, అంటే కంచె దాటడానికి పెట్టిన మెట్లు ఎక్కి దిగి, బురదలో బూటు పీక్కుంటూ వెళ్ళేసరికి గంటకి 3 కిలోమీటర్లే పడుతుంది, పిల్లలుంటే ఇంకా తక్కువ.

చిన్న నడకలు ఒకట్రెండు అయ్యాక వెళ్ళడానికి ఒక మంచి చోటు చెప్తాను. కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో బోర్టన్ ఆన్ ద వాటర్ అనే ఊరు. లండన్ పాడింగ్టన్ నుంచి రైల్లో మోర్టన్ ఇన్ మార్ష్ దిగి బస్సు పట్టుకోవచ్చు, ఆదివారాలు బస్సులు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో ఈ ప్రాంతానిది ఓఎల్45. బోర్టన్ నుంచి రోమన్ల కాలం నాటి ఫాస్ వే, అంటే ఇప్పటి ఏ429 రోడ్డు దాటి పొలాల మీదుగా లోయర్ స్లాటర్, అక్కడ ఎర్ర ఇటుక చిమ్నీ ఉన్న పాత మిల్లు పక్కనుంచి ఐ అనే చిన్న ఏటి వెంట ఒక మైలు నడిస్తే అప్పర్ స్లాటర్. పేరు విని భయపడకండి, చంపడానికీ ఆ పేరుకీ సంబంధం లేదు, బురద నేల అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందంటారు. నిజానికి అప్పర్ స్లాటర్ నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళంతా ప్రాణాలతో తిరిగొచ్చారు, అలాంటి ఊళ్ళు ఇంగ్లండ్‌లో చాలా అరుదు. అక్కడివరకూ జనం బాగానే ఉంటారు. ఎక్కువమంది అదే దారిన వెనక్కి వచ్చేస్తారు, మీరు మాత్రం దక్షిణానికి తిరిగి విండ్రష్ ఏటి లోయలోకి దిగి, విండ్రష్ వే అనే నడక దారి పట్టుకుని బోర్టన్ చేరండి. మొత్తం 6-7 మైళ్ళ రౌండ్, అంటే 10-11 కిలోమీటర్లు, రెండో సగంలో ఏటి చప్పుడు, గొర్రెల అరుపులు తప్ప పెద్దగా ఏమీ వినపడదు, నాకు ఆ సగమే ఇష్టం.

ఇక ఆవుల సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి. వయసులో ఉన్న కోడెలూ పెయ్యలూ ఉన్న పొలంలోకి వెళ్తే అవి మనవైపు గుంపుగా పరిగెత్తుకొస్తాయి. చాలాసార్లు అది ఆసక్తే, పది పదిహేను అడుగుల దూరంలో ఆగి, ముక్కులోంచి ఆవిర్లు వదులుతూ చూస్తుంటాయి, మనం కదిలితే అవీ కదులుతాయి. పరిగెత్తొద్దు. నింపాదిగా నడుస్తూ గేటు వైపు వెళ్ళండి, మరీ దగ్గరికొస్తే వాటివైపు తిరిగి చేతులు చాచి నిలబడండి. అసలు ప్రమాదం దూడలున్న ఆవులతో. తల్లికీ దూడకీ మధ్యలోకి ఎప్పుడూ వెళ్ళొద్దు, దూడలు దారి మీదే ఉంటే చుట్టూ దూరంగా తిరిగి వెళ్ళండి, గీత మీదే నడవాలన్న మాట అక్కడ పక్కన పెట్టేయొచ్చు. కుక్కని తీసుకెళ్తే పశువుల దగ్గర దగ్గరగా కట్టి పట్టుకోండి, కానీ ఆవు మీదకొస్తే ఆ పట్టీ వెంటనే వదిలేయండి, ఆవు వచ్చేది కుక్క కోసం, కుక్క తప్పించుకోగలదు, మనం తప్పించుకోలేం. ఇలా ఆవులు తొక్కి చనిపోయిన నడకవాళ్ళు బ్రిటన్‌లో ఉన్నారు, వాళ్ళలో చాలామంది దగ్గర కుక్క ఉంది.

గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసుంటే మూసి, తీసుంటే తీసి. తీసి ఉన్న గేటు ఒక్కోసారి గొర్రెలు నీళ్ళకి వెళ్ళడానికి వదిలింది అయ్యుంటుంది, మనం మంచి చేస్తున్నామని మూసేస్తే వాటికి నీళ్ళుండవు. ఎక్కక తప్పకపోతే కీళ్ళున్న వైపు ఎక్కండి, రెండో వైపు ఎక్కితే బరువుకి గేటు వాలిపోతుంది. కారు పెట్టేటప్పుడు పొలం గేటుకి అడ్డంగా అస్సలు పెట్టొద్దు, ఆదివారమైనా కోతల టైములో హార్వెస్టర్ వస్తుంది.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. బూట్లు చీలమండ పైకి ఉండాలి, ఎండాకాలమైనా పొడుగు ప్యాంటే వేసుకోండి, నెటిల్స్ అనే దురద మొక్కలు స్టైల్స్ చుట్టూనే పెరుగుతాయి, గడ్డిలో పిడుదులు ఉంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనకాల చంకల్లో చూసుకోండి. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దు కుంకుతుంది, పదింటికల్లా మొదలెట్టకపోతే ఆఖరి పొలాలు చీకట్లో దాటాలి. మధ్యాహ్నం పబ్‌లో తిందామనుకుంటే వంట ఎన్నింటికి ఆపుతారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలా పల్లెల్లో రెండు రెండున్నరకే ఆపేస్తారు, బురద బూట్లు బయటే విప్పండి.

ఒకవేళ గీత మీద దారి తీయకుండా పైరు వేసేసినా, స్టైల్ విరిగి ముళ్ళతీగ కట్టేసున్నా, అడ్డం ఉన్నంత మేర పక్కనుంచి తిరిగి వెళ్ళొచ్చు. ఫోటో తీసి, మ్యాప్‌లో ఆ చోటుని చెప్పే గ్రిడ్ నంబర్ రాసుకుని, ఇంటికొచ్చాక ఆ కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రైట్స్ ఆఫ్ వే పేజీలో కంప్లయింట్ పెట్టండి, ఐదు నిమిషాల పని. రైతుతో అక్కడే గొడవ వద్దు, ఎదురైతే హలో చెప్పి, ఈ దారి ఎక్కడ తేలుతుందని అడగండి, చాలామంది గేటు దాకా వచ్చి చూపిస్తారు.