కె08, కె23 పరిశోధన అవార్డులకు దరఖాస్తు విధానం

వైద్య విద్య పూర్తిచేసి పరిశోధన వైపు వస్తున్నవారు అనుభవజ్ఞుడైన మార్గదర్శి వద్ద మూడు నుంచి ఐదేళ్లపాటు పని నేర్చుకునేందుకు అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్ఐహెచ్) కె08, కె23 అవార్డులను ఇస్తోంది. పరిశోధకుడు రోగులను స్వయంగా కలిసి చేసే అధ్యయనాలకు కె23, ప్రయోగశాల పరిశోధన వంటివాటికి కె08 వర్తిస్తాయి.

అభ్యర్థికి ఎం.డి. వంటి వైద్య డాక్టరేట్ ఉండాలి. అవార్డు ఇచ్చే సమయానికి అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి; దరఖాస్తు నాటికే ఉండి తీరాలన్న నిబంధన లేదు. ఈ షరతు అడ్డొచ్చేవారు కె99/ఆర్00 అవార్డును పరిశీలించవచ్చు. దానికి పౌరసత్వంతో పనిలేదు గానీ, పోస్ట్‌డాక్టోరల్ (డాక్టరేట్ తర్వాతి) పరిశోధన అనుభవం నాలుగేళ్లకు మించకూడదు. కె08, కె23 పొందినవారు సాధారణంగా తమ వృత్తి సమయంలో కనీసం 75 శాతం ఈ శిక్షణకే కేటాయించాలి. ఈ సమయాన్ని వైద్య విధుల నుంచి విడిపించి ఇస్తామని విభాగాధిపతి లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి కాబట్టి, ఆ సంభాషణను అన్నిటికంటే ముందే జరపడం మంచిది.

కొత్త దరఖాస్తులకు సాధారణ గడువు తేదీలు ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబర్ 12. అయితే మీ సంస్థలోని గ్రాంట్ల కార్యాలయం అంతకు చాలా రోజుల ముందే పత్రాలు అడుగుతుంది. అభ్యర్థికీ మార్గదర్శికీ ఎన్ఐహెచ్ గ్రాంట్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన ఈఆర్ఏ కామన్స్‌లో ఖాతాలు తప్పనిసరి. జీతం, పరిశోధన ఖర్చుల పరిమితులు ఎన్ఐహెచ్‌లోని ఒక్కో ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో రకంగా ఉంటాయి. అందుకే మీ అంశాన్ని చూసే ఎన్ఐహెచ్ అధికారికి (ప్రోగ్రామ్ ఆఫీసర్) ఒక పేజీ లక్ష్యాల పత్రం పంపి మాట్లాడిన తర్వాతే రాయడం మొదలుపెట్టండి.

అసలు బరువంతా అభ్యర్థి వివరాలు, శిక్షణ ప్రణాళిక, పరిశోధన వ్యూహం కలిపి రాసే 12 పేజీల మీదే ఉంటుంది. చాలామంది ఇందులో ఎక్కువ చోటు ప్రాజెక్టుకే ఇచ్చి, తమకు ఏమి రాదో చెప్పడానికి వెనకాడతారు. నా దృష్టిలో పెద్ద పొరపాటు ఇదే, ఎందుకంటే ఈ అవార్డు నేర్చుకోవడానికి ఇచ్చేది. ఉదాహరణకు ఒక కిడ్నీ వైద్యురాలు "గణాంకశాస్త్రంలో నైపుణ్యం పెంచుకుంటాను" అని రాస్తే సమీక్షకులకు తెలిసేదేమీ ఉండదు. "ఇప్పటివరకు పాత కేసు షీట్ల సమాచారాన్నే విశ్లేషించాను, ఒకే రోగి నుంచి పదేపదే సేకరించిన కొలతలను విశ్లేషించడం నాకు రాదు, నా రెండో లక్ష్యానికి అది అవసరం, మొదటి ఏడాది ఫలానా కోర్సులో, ఫలానా సహ మార్గదర్శి వద్ద నేర్చుకుంటాను" అని రాస్తే లోటు, శిక్షణ, పరిశోధన మూడూ ఒకే తాటి మీదికి వస్తాయి. గరిష్ఠంగా ఆరు పేజీలుండే మార్గదర్శుల ప్రకటనలోనూ ఇదే కోర్సు, ఇదే ఏడాది కనిపించాలి. ఎంత తరచుగా కలుస్తారన్న విషయంలో మీ మాట ఒకటి, మార్గదర్శి మాట మరొకటి అయితే, ఆ ప్రణాళికను ఇద్దరూ కలిసి కూర్చుని రాయలేదని సమీక్షకులకు ఇట్టే అర్థమవుతుంది.

సిఫార్సు లేఖలు కనీసం మూడు, గరిష్ఠంగా ఐదు ఉండాలి. మార్గదర్శి లేఖ ఈ లెక్కలోకి రాదు. లేఖలను రాసినవారే గడువులోగా ఈఆర్ఏ కామన్స్‌లో నేరుగా పెట్టాలి కాబట్టి, మీ యూజర్ పేరునూ, దరఖాస్తులు కోరుతూ ఎన్ఐహెచ్ ఇచ్చిన ప్రకటన సంఖ్యనూ వారికి నెల రోజుల ముందే పంపండి. పరిశోధన నైతికతలో శిక్షణ ఎలా పొందుతారో చెప్పే ఒక పేజీ ప్రణాళిక కూడా జతచేయాలి.

సమీక్షలో అభ్యర్థి, శిక్షణ ప్రణాళిక, పరిశోధన ప్రణాళిక, మార్గదర్శులు, సంస్థాగత వాతావరణం అనే ఐదు అంశాలను చూస్తారు. మొత్తం స్కోరు 10 నుంచి 90 వరకు ఉంటుంది. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. మొదటిసారి రాకపోతే, సమీక్షకుల అభ్యంతరాలకు ఒక పేజీ పరిచయంలో సమాధానమిస్తూ 37 నెలల్లోగా ఒకసారి సవరించి పంపవచ్చు. ఇందుకు సాధారణ గడువు తేదీలు మార్చి 12, జూలై 12, నవంబర్ 12.